కలిస్తే చెత్త.. విడదీస్తే ఎరువు

తెనాలి, బాపట్ల, రేపల్లె: ఇంట్లోనే తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వాలన్న మాట పట్టణ ప్రజలకు కొత్త కాదు. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం దరిమిలా, 2000 సెప్టెంబరులో వెలువడిన పురపాలక ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఆ మాట ఉంది. 2016 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధనలు తడి, పొడి, ప్రమాదకర చెత్తను మూడుగా విడదీసి ఇవ్వడం ప్రతి గృహస్థుడి బాధ్యత అన్నాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలంటూ కేంద్రం ప్రకటించిన నిబంధనలు ఆ మూడును నాలుగు చేశాయి. తడి, పొడి చెత్తలతో పాటు శానిటరీ వ్యర్థాలను, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన వ్యర్థాలను కూడా వేర్వేరుగా ఇవ్వాలన్నది వాటి సారాంశం.

నిబంధనలు మారినప్పుడల్లా బుట్టల సంఖ్య పెరిగింది. విడదీసిన చెత్త చివరకు ఎవరికి చేరాలి, దాన్ని ఎవరు తీసుకోవాలి అన్న ప్రశ్నకు మాత్రం అంత శ్రద్ధ దక్కలేదు. కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఈ మూడు పట్టణాలకు ఆ ప్రశ్నే కీలకం. చెత్త కుమ్మరించేందుకు ఇక్కడ ఖాళీ నేల అరుదు. చెత్త నుంచి తయారయ్యే ఎరువు వేసుకునేందుకు మాత్రం ఊరి పొలిమేర దాటగానే పొలాలున్నాయి. వంటింటి నుంచి ఆ పొలం దాకా దారి ఏర్పడితేనే ఇంట్లో పెట్టిన బుట్టలకు అర్థం ఉంటుంది.

డెల్టాలో గుట్టలకు చోటేదీ?

2011 జనాభా లెక్కల ప్రకారం తెనాలి జనాభా సుమారు 1.65 లక్షలు. బాపట్లలో 70 వేల పైచిలుకు, రేపల్లెలో 50 వేల పైచిలుకు ఉన్నారు. రెండు లక్షల లోపు జనాభా గల పట్టణాల్లో తలకు రోజుకు 200 నుంచి 300 గ్రాముల చెత్త వస్తుందని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ మార్గదర్శకాలు అంచనా కట్టాయి. పాత జనాభానే తీసుకుని, తలకు 300 గ్రాముల వంతున లెక్క వేసినా తెనాలిలో రోజుకు సుమారు 50 టన్నులు, బాపట్లలో 21 టన్నులు, రేపల్లెలో 15 టన్నుల చెత్త తేలుతుంది. మూడూ కలిపితే ఏడాదికి 31 వేల టన్నుల పైమాటే. ఇందులో సగం మాత్రమే వంటిళ్ల నుంచి, కూరగాయల మార్కెట్ల నుంచి వచ్చే తడి చెత్త అనుకున్నా రోజూ 40 టన్నులకు మించి కుళ్లే పదార్థం పోగవుతుంది.

మెట్ట ప్రాంతపు పట్టణానికి ఊరి బయట బంజరో, పాడుబడిన క్వారీయో ఉంటుంది. డెల్టా పట్టణానికి ఆ వెసులుబాటు లేదు. చుట్టూ మాగాణి. యార్డు కోసం ఎకరం కొనాలంటే పురపాలక సంఘం లక్షలు పోయాలి. కొన్నా పక్క చేను రైతు ఒప్పుకోడు. నల్లరేగడి నేలల్లో వానకాలం నీరు నిలిచిపోతుంది. బాపట్ల వైపు ఇసుక నేలల్లో చెత్తకుప్ప నుంచి కారే మురుగు ఇట్టే భూమిలోకి దిగుతుంది. ఎటు చూసినా చెత్తకూ నీటికీ మధ్య దూరం తక్కువ.

ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే కాలువలే ఈ ప్రాంతంలో సాగుకూ తాగుకూ ఆధారం. కాలువలు కట్టేసిన వేసవి నెలల్లో డెల్టా ఊళ్లు చెరువుల్లో నింపుకున్న ఆ నీళ్లనే తాగుతాయి. తెనాలి పట్టణం మధ్య నుంచే కాలువలు పారుతున్నాయి. బాపట్ల వైపు కొమ్మమూరు కాలువ, నల్లమడ డ్రెయిన్ ఉన్నాయి. కాలువ గట్టున పడేసిన సంచి గట్టునే ఉండిపోదు. గాలికో, వానకో నీటిలోకి జారుతుంది. పట్టణం పారేసిన చెత్త దిగువ పల్లె తూము దగ్గర తేలుతుంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద దిగువకు వచ్చి కృష్ణా తీరపు లంకలను ముంచెత్తింది. అసలే నీరు నెమ్మదిగా లాగే పల్లపు నేలలో మురుగు కాలువ నోటికి పాలిథిన్ సంచులు అడ్డుపడితే, ఒక పూటలో పోవాల్సిన నీరు రెండు రోజులు నిలుస్తుంది. చెత్త సమస్యను వీధి అందానికి సంబంధించిన విషయంగా మాత్రమే చూడలేమనడానికి ఈ ప్రాంత భౌగోళిక స్వరూపమే సాక్ష్యం.

వేరు చేయడం కొత్త విద్య కాదు

జనానికి అవగాహన లేదన్నది అధికారుల నోట తరచూ వినిపించే మాట. ఇళ్లలో జరిగేది గమనిస్తే ఆ మాట పూర్తిగా నిజం కాదని తేలుతుంది. పాత దినపత్రికలను ఏ ఇల్లాలూ చెత్తబుట్టలో వేయదు. కట్ట కట్టి అటక మీద పెట్టి, పాత సామాన్లు కొనేవాడు వీధిలోకి రాగానే బేరమాడి అమ్ముతుంది. ఇనుప ముక్కలు, ఇత్తడి, గాజు సీసాలు, అట్టపెట్టెలు అన్నింటికీ వేర్వేరు ధరలున్నాయన్న సంగతి ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.

తడి చెత్త సంగతీ ఒకప్పుడు ఇంతే. పెరట్లో గేదె ఉన్న రోజుల్లో బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం కుడితి తొట్టిలోకి చేరేవి. పశువు తినని ఆకూ అలమూ పెంటపోగు మీదకు వెళ్లేవి. వేసవిలో ఆ పెంటను బండ్లకెత్తి చేలకు తోలేవారు. కుడితి తొట్టిలో గాజు పెంకు పడితే గేదె ప్రాణానికే ముప్పు గనుక, తొట్టిలో ఏది వేయాలో ఏది వేయకూడదో ఎవరూ సభ పెట్టి చెప్పాల్సిన అవసరం రాలేదు.

పట్టణాల్లో పెరళ్లు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. గేదెలు ఊరి శివార్లకు తరలిపోయాయి. పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. దాంతో తడి చెత్తను తీసుకునే గిరాకీ ఇంట్లో లేకుండా పోయింది. గిరాకీ లేని వస్తువును కష్టపడి వేరు చేయాల్సిన పని ఏమిటన్న భావన అక్కడే మొదలైంది. ధర ఉన్న పొడి సరుకును జనం నేటికీ వేరు చేస్తూనే ఉన్నారు. తీసుకునేవాడు లేని సరుకే బుట్టలో కలిసిపోతోంది. లోపం జనం తెలివిలో ఉందనడం కంటే, తడి చెత్తకు గమ్యం లేకపోవడంలో ఉందనడమే సబబు.

బండి దగ్గర తేలే నిజం

వేరు చేయించే ప్రయత్నాలు ఏ పట్టణంలోనైనా చతికిలపడే చోటు ఒకటే. ఇల్లాలు తడి చెత్త ఒక బుట్టలో, పొడి చెత్త ఇంకో బుట్టలో తెచ్చి ఇస్తుంది. బండిలో అడ్డుపలక లేకపోయినా, ఉన్నా ఒక వైపు నిండిపోయినా రెండూ ఒకే గదిలో పడతాయి. ఆ దృశ్యం ఒక్కసారి కంటపడితే చాలు. మర్నాటి నుంచి ఆ ఇంట్లో రెండు బుట్టలు ఉండవు. ‘అక్కడ కలిపేసేదానికి ఇక్కడ విడదీయడం ఎందుకు?’ అన్న ప్రశ్నకు ఏ అవగాహన సదస్సూ సమాధానం చెప్పలేదు.

దీనికి పూర్తి బాధ్యత బండి నడిపే కార్మికుడిదీ కాదు. ఒక వీధిలో పది ఇళ్లు వేరు చేసి ఇస్తే ఇరవై ఇళ్లు కలిపి ఇస్తాయి. ఇరవై ఇళ్ల కలగూర చెత్త పడ్డాక పది ఇళ్ల శ్రమకు విలువ ఉండదు. యార్డులో తడికి ఒక చోటు, పొడికి ఒక చోటు లేకపోతే బండిలో వేరుగా ఉంచినా చివరకు ఒకే కుప్ప అవుతుంది. ఇల్లు, బండి, యార్డు అనే మూడు చోట్ల ఎక్కడ తెగినా గొలుసు మొత్తం తెగినట్లే. నిఘా, జరిమానా అన్నీ మొదటి చోటికే పరిమితమైతే మిగిలిన రెండు చోట్ల లోపం కనబడకుండా పోతుంది.

రైతు వద్దనేది ఎరువును కాదు

తడి చెత్తకు ఈ ప్రాంతంలో సహజమైన గిరాకీ పొలం. కొల్లిపర, కొల్లూరు లంకల్లో అరటి, పసుపు, కంద పండుతాయి. తెనాలి చుట్టూ నిమ్మ తోటలున్నాయి. బాపట్ల ఇసుక నేలలకు సేంద్రియ పదార్థం ఎంత వేసినా ఇంకా కావాలి. ఏటా వరి మీద వరి, ఆపై మొక్కజొన్న వేసే మాగాణుల్లో నేల సత్తువ తగ్గుతోందన్న ఆందోళన రైతుల్లో ఉంది. పశువుల ఎరువు దొరకడమే గగనమైన రోజులివి. అయినా పట్టణపు కంపోస్టు అంటే రైతు వెనకాడతాడు.

కారణం స్పష్టం. కలిపి తెచ్చిన చెత్తను కుళ్లబెట్టి జల్లెడ పట్టినా గాజు పెంకులు, బ్లేడు ముక్కలు, పాలిథిన్ పేలికలు పూర్తిగా పోవు. నాట్లు వేసే కూలీ పాదానికి ఆ పెంకు గుచ్చుకుంటే మరుసటి ఏడు ఆ చేలోకి నాట్లకు ఎవరూ రారు. పైకి కనబడనివి మరికొన్ని. పాత బ్యాటరీలు, ట్యూబులైట్లు, రంగు డబ్బాల నుంచి సీసం, కాడ్మియం, పాదరసం కంపోస్టులోకి దిగుతాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ కంపోస్టులో కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించరాదు. లోహాలు ఒకసారి కలిశాక జల్లెడతో వేరు చేయడం సాధ్యం కాదు. వాటిని ఆపగలిగే చోటు వంటిల్లే.

వేరుగా వచ్చిన తడి చెత్త విషయంలో ఈ చిక్కులేవీ లేవు. పొరలుగా పోసి, వారానికోసారి తిరగేస్తూ, పిండితే చుక్క కారీ కారనంత తేమ ఉంచితే కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి కలుపు విత్తనాలు, రోగకారక క్రిములు చస్తాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మట్టి వాసన వచ్చే నల్లని ఎరువు తయారవుతుంది. గాలి ఆడకుండా కలిపి కుమ్మరించిన కుప్పలో ఇదే తడి చెత్త మీథేన్ వాయువుగా మారుతుంది. యార్డుల్లో తరచూ మంటలు రేగడానికీ, రోజుల తరబడి పొగ చిమ్మడానికీ ఆ వాయువు ఒక కారణం.

ఇందులో అతిశయోక్తికి పోరాదు. పట్టణ కంపోస్టులో నత్రజని ఒక శాతం అటూఇటుగానే ఉంటుంది. యూరియా కట్టకు అది ప్రత్యామ్నాయం కాదు. నేలను గుల్లబరచడం, తేమను పట్టి ఉంచడం, వేసిన ఎరువు వృథా పోకుండా చూడడం దాని ప్రయోజనం. ఆ సంగతి ఉన్నదున్నట్లు చెప్పి అమ్మితేనే రైతు రెండోసారి వస్తాడు. కేంద్రం 2016 ఫిబ్రవరిలో పట్టణ కంపోస్టు అమ్మకానికి టన్నుకు 1,500 రూపాయల ప్రోత్సాహం ప్రకటించింది. ధర తగ్గించినంత మాత్రాన గాజు పెంకు భయం పోదు. నాణ్యత మీద నమ్మకం కుదిరితే ఆ సాయానికి ఫలితం ఉంటుంది.

పన్ను పోయింది.. పాఠం మిగిలింది

రాష్ట్రంలో ఇంటింటికీ బుట్టలు ఇచ్చే భారీ ప్రయత్నం ఇటీవలి కాలంలోనే జరిగింది. 2021 అక్టోబరు 2న విజయవాడలో నాటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్మోహన్‌రెడ్డి క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమాన్ని ప్రారంభించారు. నాలుగు వేలకు పైగా చెత్త వాహనాలను రంగంలోకి దించారు. పట్టణాల్లోని సుమారు 40 లక్షల ఇళ్లకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగుల్లో మూడేసి బుట్టలు ఇవ్వాలన్నది లక్ష్యం. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, ప్రమాదకర వ్యర్థాలకు ఎరుపు. ఆ సేవకు గాను ఇళ్ల నుంచి, దుకాణాల నుంచి నెలనెలా రుసుము వసూలు మొదలుపెట్టారు.

ఆ రుసుమే ‘చెత్త పన్ను’గా పేరుపడి రాజకీయ వివాదమైంది. చెత్త ఎలా ఇవ్వాలన్న చర్చ వెనక్కిపోయి, చెత్తకు డబ్బు ఎందుకు కట్టాలన్న చర్చ ముందుకొచ్చింది. ప్రభుత్వం మారాక 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఈ పన్ను రద్దును ప్రకటించారు. యార్డుల్లో ఏళ్లుగా పేరుకున్న సుమారు 85 లక్షల టన్నుల పాత చెత్తను ఏడాదిలోగా తొలగించాలని అదే సందర్భంలో లక్ష్యం పెట్టారు. 2025 జనవరి నుంచి నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం చేపట్టారు.

రెండు ప్రభుత్వాల అనుభవం నుంచి ఒక పాఠం తీసుకోవచ్చు. తాను కట్టిన డబ్బుకు, వేరు చేసిన శ్రమకు ఫలితం కంటికి కనబడకముందే రుసుము అడిగితే జనం దాన్ని పన్నుగానే చూస్తారు. అలాగని రుసుము రద్దు చేసినంత మాత్రాన చెత్త తనంతట తాను విడిపోదు. బండి డీజిలుకు, కార్మికుడి జీతానికి, యార్డు నిర్వహణకు డబ్బు ఎక్కడి నుంచో రావాల్సిందే. పాత కుప్పలను యంత్రాలతో తవ్వి జల్లించడం అవసరమైన పనే. కానీ ఒక పక్క పాత కుప్ప తరుగుతూ, ఇంకో పక్క కలగలిసిన కొత్త కుప్ప పెరుగుతుంటే పదేళ్ల తర్వాత మళ్లీ అదే టెండరు పిలవాల్సి వస్తుంది.

కాల్చి కరెంటు తీయడం మరో మార్గం. పల్నాడు జిల్లా యడ్లపాడు మండలం పరిధిలో కొండవీడు సమీపాన జిందాల్ సంస్థ 15 మెగావాట్ల విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. గుంటూరు, విజయవాడలతో పాటు తెనాలి వంటి చుట్టుపక్కల పట్టణాల చెత్తను అక్కడికి తరలించాలన్నది మొదటి నుంచీ ఉన్న ప్రణాళిక. తడి చెత్తలో సగానికి పైగా ఉండేది నీరే. దాన్ని కలిపి పంపితే లారీ మోసేదీ నీళ్లే, కొలిమిలో ముందుగా ఆవిరి కావాల్సిందీ నీళ్లే. రేపల్లె నుంచి అక్కడికి 80 కిలోమీటర్ల పైమాటే. పొడి చెత్తను విడిగా పంపితే మండుతుంది, బరువూ సగం తగ్గుతుంది. కాల్చే పద్ధతికి సైతం ఇంట్లో విడదీయడమే మొదటి మెట్టు.

సూర్యాపేట చూపిన దారి

చిన్న పట్టణాలకు ఇది అలవి కాని పని అనుకోనక్కర్లేదు. 2000 తర్వాతి సంవత్సరాల్లో నల్గొండ జిల్లాలో భాగంగా ఉన్న సూర్యాపేట పురపాలక సంఘం దేశం దృష్టిని ఆకర్షించింది. అప్పటి కమిషనర్ ఎస్.ఎ.ఖాదర్ సాహెబ్ ఆధ్వర్యంలో వీధి మూలల్లోని చెత్తకుండీలను తీసేశారు. ఇంటింటి నుంచి తడి, పొడి చెత్తను వేర్వేరుగా సేకరించారు. తడి చెత్తతో వానపాముల ఎరువు చేసి అమ్మారు. పొడి సరుకును తిరిగి వాడే పరిశ్రమలకు అమ్మారు. జనాభాలో అది తెనాలి కంటే చిన్న ఊరు.

అక్కడ ముందుగా జరిగింది కుండీల తొలగింపు. వీధి మూలలో కుండీ ఉన్నంత కాలం బండి వచ్చే వేళకు వాకిట్లో ఉండాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. అయితే బండి వేళకు వస్తుందన్న నమ్మకం కుదిరాకే కుండీ తీయాలి. వరుస తప్పితే కుండీ ఉన్న చోటే చెత్తకుప్ప లేస్తుంది. మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ నగరం కూడా ఈ క్రమాన్నే పాటించింది. 2022 ఫిబ్రవరిలో అక్కడ ప్రారంభమైన రోజుకు 550 టన్నుల సామర్థ్యం గల బయోగ్యాస్ కేంద్రం నడవాలంటే కల్తీ లేని తడి చెత్త కావాలి. ఇళ్లలో విడదీయడం అలవాటయ్యాకే ఆ కేంద్రం వచ్చింది.

ఏది ఎందులో?

విడదీయడంలో సందేహాలు వచ్చే వస్తువులు కొన్ని ఉన్నాయి. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి, గుడ్డు పెంకులు, పూజ పూలు, అరిటాకులు, చేపల పొలుసు, రొయ్య పొట్టు తడి చెత్తే. పూలదండలోని దారం, ప్లాస్టిక్ తీగ ముందే లాగేయాలి. చేపలు, రొయ్యల వాడకం ఎక్కువగా ఉండే రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో ఈ తడి చెత్త పూట దాటితే కంపు కొడుతుంది. అక్కడ తడి చెత్త బండి రోజూ రాక తప్పదు. పొడి చెత్తకు వారానికి రెండు రోజులైనా సరిపోతుంది.

కొబ్బరి బొండాలు, మామిడి టెంకలు కుళ్లడానికి నెలలు పడుతుంది. వాటిని ముక్కలు చేయకుండా మామూలు కుప్పలో వేస్తే అడ్డమే. పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు కడిగి ఆరబెడితేనే పొడి చెత్త. లోపల పెరుగు మిగిలిన డబ్బాను పొడి బుట్టలో వేస్తే అందులోని కాగితాలూ పాడవుతాయి. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు పొడి చెత్తలోకే వెళ్లినా వాటిని పాత సామాన్ల దుకాణదారు కొనడు. వాటి వాడకం తగ్గించడమే దారి.

డైపర్లు, శానిటరీ న్యాప్‌కిన్ల విషయంలో నిబంధన మారింది. కాగితంలో చుట్టి పొడి చెత్తతో ఇవ్వవచ్చని 2016 నిబంధనలు చెప్పాయి. 2026 నిబంధనలు వాటిని విడిగా ఇవ్వమంటున్నాయి. ట్యూబులైట్లు, బ్యాటరీలు, కాలం చెల్లిన మందులు ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాల్సిన కోవలోకి వస్తాయి. ఇవి రోజూ వచ్చేవి కావు. వీటికి రోజువారీ బండి అక్కర్లేదు. వార్డు సచివాలయంలో ఒక పెట్టె, నెలకు ఒక తేదీ చాలు.

పెరడు ఉన్న ఇళ్లు తడి చెత్తను బండికి ఇవ్వాల్సిన అవసరం కూడా లేదు. చిల్లులున్న రెండు మట్టి కుండలు, కొబ్బరి పీచో ఎండుటాకులో ఉంటే సరిపోతుంది. తడి చెత్త ఒక వంతుకు ఎండుటాకులు రెండు వంతులు కలిపి మూత పెడితే వాసన రాదు. ఒక కుండ మాగేలోగా రెండోది నిండుతుంది.

పెద్ద మొత్తంలో చెత్త వచ్చే చోట్లు వేరు. రోజుకు వంద కిలోలు దాటితే ఆ చెత్త విషయంలో యజమానికి అదనపు బాధ్యత ఉందని 2016 నుంచే నిబంధన. ముహూర్తాల రోజుల్లో ఒక్క కల్యాణ మండపం నుంచే ఒక వీధికి సమానమైన చెత్త బయటికొస్తుంది. అరిటాకులో వడ్డిస్తే అది ఎరువు. అదే ప్లాస్టిక్ పూత ఉన్న విస్తరి, నీళ్ల సీసా, మిగిలిన పులిహోర ఒకే సంచిలో మూట కడితే దేనికీ పనికిరాదు. ఇళ్ల కంటే ముందు ఇలాంటి పదిచోట్ల నిబంధన అమలు చేస్తే తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం కనబడుతుంది.

ఇంట్లో విడదీయకపోతే విడదీసేది ఎవరు?

కలిపి ఇచ్చిన చెత్తను ఎవరో ఒకరు చేత్తో విడదీయాల్సిందే. ఆ పని పారిశుద్ధ్య కార్మికుల మీద, చిత్తు ఏరుకుని బతికే వారి మీద పడుతుంది. కుళ్లిన అన్నంలో చేయి పెట్టి సీసా తీయడం, మూటలో దాగిన సూది గుచ్చుకోవడం, వాడిన న్యాప్‌కిన్లను వట్టి చేతులతో ఎత్తడం వారి దినచర్య. వేతనాలు, ఉద్యోగ భద్రత కోరుతూ 2023 డిసెంబరు 26 నుంచి రాష్ట్రవ్యాప్తంగా మున్సిపల్ కార్మికులు సమ్మె చేసినప్పుడు పట్టణాల్లో చెత్త కొండలా పేరుకుంది. వారు లేకపోతే వారం కూడా గడవదని ఊళ్లకు అప్పుడు తెలిసింది. సమ్మె ముగిశాక వారి చేతికి అందే చెత్త మాత్రం మారలేదు.

ఇంటి దగ్గర బుట్ట మార్చడానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషం ఆదా చేసుకున్న పని యార్డులో మరొకరి చేతికి గాయంగా మారుతోంది. చేతి తొడుగులు, బూట్లు సమయానికి ఇవ్వడం పురపాలక సంఘం బాధ్యత. చేతి తొడుగు అవసరం తగ్గించడం ప్రతి ఇంటి బాధ్యత. పొడి సరుకు అమ్మకంపై వచ్చే సొమ్ములో కార్మికులకు వాటా ఉంటే, కలిపి ఇచ్చిన బుట్టను తిప్పి పంపే ధైర్యం వారికీ వస్తుంది.

రెండు జిల్లాలు.. ఒకే సమస్య

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. బాపట్ల, రేపల్లె కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. కలెక్టర్లు వేరైనా కాలువలు, పంటలు, సంతలు ఒకటే. మూడు పురపాలక సంఘాలు విడివిడిగా ప్రయోగాలు చేసే కంటే కొన్ని పనులు కలిసి చేసుకోవడం లాభం. పొడి చెత్త ఒక్కో ఊరిలో కొద్దికొద్దిగా ఉంటే కొనుగోలుదారు చెప్పిందే ధర. మూడూళ్లదీ ఒక చోట బేళ్లు కట్టి అమ్మితే బేరమాడే బలం వస్తుంది. తడి చెత్త సంగతి ఇందుకు భిన్నం. నీళ్ల బరువును దూరం మోయడం దండగ గనుక ఏ ఊరి తడి చెత్తను ఆ ఊరిలోనే, వీలైతే వార్డుల వారీగా ఎరువు చేయాలి.

బాపట్లలో 1945లో నెలకొల్పిన వ్యవసాయ కళాశాల ఉంది. పట్టణ కంపోస్టు నమూనాలను పరీక్షించి ఏ నేలకు, ఏ పంటకు, ఎకరాకు ఎంత వేయాలో చెప్పగలిగే విజ్ఞానం అక్కడే ఉంది. పురపాలక సంఘం తన ఎరువు గురించి తాను చెప్పుకోవడం కంటే కళాశాల పరీక్షా ఫలితం అతికించిన బస్తాను రైతు ఎక్కువగా నమ్ముతాడు. ఆ బస్తా రైతు భరోసా కేంద్రాల పేరుతో మొదలై ఇప్పుడు రైతు సేవా కేంద్రాలుగా పిలిచే చోట అందుబాటులో ఉంటే ఊరూరా తిరిగి అమ్ముకోవాల్సిన పని ఉండదు.

మొదలుపెట్టడానికి ఊరంతా ఒకేసారి కదలనక్కర్లేదు. ఒక్కో పట్టణంలో ఒక్క వార్డు తీసుకుని, బండిలో అడ్డుపలక, యార్డులో రెండు వేర్వేరు గదులు సిద్ధం చేశాకే ఇళ్లకు వెళ్లాలి. ఆ వార్డు తడి చెత్త ఎన్ని కిలోలు వచ్చింది, ఎంత ఎరువైంది, ఏ రైతు తీసుకెళ్లాడు అన్న వివరం నెలనెలా వార్డు సచివాలయం గోడ మీద రాయాలి. ఆ వార్డు ఆడవాళ్లను ఒకసారి యార్డుకు తీసుకెళ్లి తమ వంటింటి తొక్కలు ఏమయ్యాయో చూపించాలి. జరిమానా ఆ తర్వాతి మాట. బండిలో కలపకుండా ఉండడం పురపాలక సంఘం ముందు నిలబెట్టుకోవాల్సిన మాట అయితే, బుట్టలో కలపకుండా ఉండడం ప్రజలు నిలబెట్టుకోవాల్సిన మాట.

నాలుగు రకాలుగా విడదీయాలన్న 2026 నిబంధన అమలును పట్టణాలు ఎన్ని బుట్టలు పంచాయన్న లెక్కతో కొలిస్తే పాతికేళ్ల పాత కథే పునరావృతమవుతుంది. ఏడాది తర్వాత లంక రైతు అరటి తోటకు పట్టణం నుంచి ఎన్ని ట్రాక్టర్ల ఎరువు తోలుకున్నాడు, అందులో ఎన్ని గాజు పెంకులు దొరికాయి అన్నది సరైన కొలమానం.